పిల్లల చిన్న జబ్బులకు వీడియో వైద్యం: తెర మీద తెలిసేదెంత?

పసిపిల్లల జ్వరం చాలాసార్లు రాత్రిపూటే బయటపడుతుంది. అప్పటికి ఎప్పుడూ చూపించే డాక్టరు క్లినిక్ మూసేసి ఉంటుంది. పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తితే, ఇంతకంటే పెద్ద జబ్బులతో వచ్చిన వారి మధ్య గంటల తరబడి కూర్చోవాలి. చేతిలో ఫోనుంది. యాప్ తెరిస్తే కాసేపటికి తెర మీద ఒక డాక్టరు ప్రత్యక్షమవుతారు. కరోనా కాలంలో గత్యంతరం లేక మొదలైన ఈ పద్ధతి, ఆ కాలం ముగిశాక కూడా జలుబు, జ్వరం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు వంటి పిల్లల జబ్బుల విషయంలో నిలిచిపోయింది.

ఈ సదుపాయంతో నిజంగా నెరవేరే పనులు రెండు. ఈ రాత్రే ఆసుపత్రికి బయలుదేరాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా అన్నది తేల్చడం మొదటిది. ఆగవచ్చునంటే ఇంట్లో ఏం చేయాలో, దేనిని కనిపెట్టుకుని ఉండాలో చెప్పడం రెండోది. మందుల చీటీ వీటి తర్వాతి మాట. కానీ ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఎదురుచూసేది చీటీ కోసమే. అది రాకపోతే డాక్టరు ఏమీ చేయలేదన్న భావన కలుగుతుంది. వీడియో వైద్యంలో పొరపాట్లకు ఎక్కువ తావిచ్చేది ఈ ఎదురుచూపే.

అరగొండ నుంచి ఈ-సంజీవని దాకా

దూరం నుంచి వైద్యం చేయడం మన దేశానికి కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన గ్రామీణ టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ తన భారత పర్యటన సందర్భంగా ప్రారంభించారు. తర్వాత ఇస్రో ఉపగ్రహాల సాయంతో మారుమూల ఆసుపత్రులను నగరాల్లోని పెద్ద ఆసుపత్రులతో కలిపింది. అయితే అవి ఒక ఆసుపత్రికీ మరో ఆసుపత్రికీ మధ్య జరిగిన ఏర్పాట్లు. ఇంట్లో ఉన్న రోగికి ఫోను మీద మందు చెప్పవచ్చా అన్న ప్రశ్నకు చట్టంలో స్పష్టమైన జవాబు చాలాకాలం లేదు. ప్రసవం తర్వాత ఒక మహిళ మరణించిన కేసులో, ఊళ్లో లేకుండా ఫోను ద్వారా మందులు సూచించిన వైద్య దంపతులకు 2018లో బొంబాయి హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. దాంతో వైద్యుల్లో జంకు మరింత పెరిగింది.

ఆ సందిగ్ధం 2020 మార్చి 25న తొలగింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజునే కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలను విడుదల చేసింది. నాటి భారత వైద్య మండలి స్థానంలో పనిచేస్తున్న పాలకమండలి, నీతి ఆయోగ్‌తో కలిసి వాటిని రూపొందించింది. ప్రభుత్వ రంగంలో అప్పటికే ఈ-సంజీవని ఉంది. మొహాలీలోని సీ-డాక్ తయారుచేసిన ఈ వ్యవస్థను, ఆరోగ్య ఉపకేంద్రాలను పెద్ద ఆసుపత్రుల డాక్టర్లతో అనుసంధానించే రూపంలో 2019 నవంబరులో అందరికంటే ముందుగా అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇంటి నుంచి నేరుగా డాక్టరుతో మాట్లాడే ఓపీ విభాగం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి.

పిల్లల విషయంలో నిబంధనలు

మార్గదర్శకాల ప్రకారం చీటీ రాసే ముందు డాక్టరు రోగి వయసును విధిగా అడగాలి. రోగి మైనరైతే వెంట పెద్దవారు ఉండాలి, ఆ పెద్దవారు ఎవరన్నదీ నిర్ధారించుకోవాలి. పదహారేళ్ల లోపు పిల్లల తరఫున సంరక్షకులు మాట్లాడేందుకు అనుమతి ఉంది. పిల్లవాడు పక్కన లేకపోయినా మాట్లాడవచ్చు. గల్ఫ్‌లోనో బెంగళూరులోనో ఉన్న తండ్రి, ఊళ్లో నాయనమ్మ దగ్గరున్న కొడుకు గురించి డాక్టరును అడగడం నిబంధనకు విరుద్ధం కాదు. కానీ పిల్లవాడు తెర మీద లేకపోతే డాక్టరు చూసేదేముంది? అది వీడియో అన్న పేరుతో జరిగే ఫోను సంభాషణ మాత్రమే.

రోగికి సలహా అడిగే హక్కు ఉన్నట్టే, ఈ జబ్బును దూరం నుంచి తేల్చలేనని చెప్పి నేరుగా రమ్మనే అధికారం డాక్టరుకు ఉంది. ఆసుపత్రికి రావడానికి సిద్ధంగా ఉన్న రోగిని వీడియోకే పరిమితం కావాలని డాక్టరు ఒత్తిడి చేయకూడదు. చీటీ మీదా, రసీదు మీదా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. కృత్రిమ మేధ ఉపకరణాలు డాక్టరుకు సాయపడవచ్చు గానీ, అవి స్వయంగా రోగికి సలహా ఇవ్వడం, మందు రాయడం నిషిద్ధం. యాప్‌లో మొదట పలకరించే చాట్‌బాట్‌తోనే సంప్రదింపు ముగిసిపోయిందంటే, వైద్యం ఇంకా మొదలు కాలేదని అర్థం.

మందులను మార్గదర్శకాలు జాబితాలుగా విభజించాయి. పారాసిటమాల్, ఓఆర్ఎస్, జింక్ సిరప్ వంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా రాయవచ్చు. చర్మానికి రాసే లేపనాలు, కళ్లకలకకు వేసే చుక్కల వంటివి తొలి పరిచయంలో వీడియోలో చూసి మాత్రమే రాయాలి. మరికొన్ని, అంతకుముందు నేరుగా చూసిన రోగికి అదే జబ్బు కొనసాగింపుగా మాత్రమే రాయాలి. మత్తుమందుల చట్టం పరిధిలోనివి, షెడ్యూల్ ఎక్స్‌లోనివి అసలే రాయకూడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏ పద్ధతిలోనైనా రాయవచ్చన్న మొదటి జాబితాలో దగ్గు, జలుబు మిశ్రమాలు కూడా ఉన్నాయి. ఆ జాబితా అన్ని వయసుల వారికీ కలిపి వేసినది. పసిపిల్లలకు వీటి వల్ల మేలు జరుగుతుందన్న ఆధారం బలహీనం, హాని మాత్రం నిజం. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో కల్తీ దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లోనూ ఇవే రెండు మందులు పారాసిటమాల్‌తో కలిసి ఉన్నాయి. వాటికి తోడు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం చేరింది. ఆ ఏడాది అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జారీ చేసిన సలహా స్పష్టంగా ఉంది: రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదు. అందువల్ల మూడేళ్ల పిల్ల జలుబుకు వీడియోలో డాక్టరు సిరప్ రాయలేదంటే అది నిర్లక్ష్యం కాదు. ముక్కులో సెలైన్ చుక్కలు, తాగడానికి గోరువెచ్చని ద్రవాలు, ఏడాది నిండిన పిల్లలకైతే చెంచాడు తేనె అని చెప్పి ఊరుకున్న డాక్టరు మంచి డాక్టరే. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకూడదు.

కెమెరాకు బాగా కనిపించేది శ్వాస

ఐదేళ్ల లోపు పిల్లల ప్రాణాలు తీసే అంటువ్యాధుల్లో ప్రపంచమంతటా న్యుమోనియా ముందు వరసలో ఉంటుంది. దానిని గుర్తించడానికి గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే తొలి పరీక్షకు స్టెతస్కోపు అక్కర్లేదు, కళ్లూ గడియారమూ చాలు. పిల్లవాడు ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఛాతీ లేదా పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు శిశువులో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా ఆపైన ఉంటే శ్వాస వేగంగా ఉన్నట్టు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం కుదరదు. పసివాళ్ల శ్వాస ఒకేలా సాగదు. కాసేపు గబగబా, కాసేపు నిదానంగా నడుస్తుంది.

వేగం కంటే ప్రమాదకరమైన గుర్తు డొక్కలెగరేయడం. గాలి లోపలికి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతుంటే పిల్లవాడు శ్వాస కోసం కష్టపడుతున్నాడని అర్థం. ఇది వీడియోలో చక్కగా కనిపిస్తుంది, కాకపోతే వెలుగు ఉండాలి. కిటికీకో ట్యూబులైటుకో ఎదురుగా పిల్లవాడు ఉండాలి, ఫోను కదలకూడదు. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఆ తడబాటులో శ్వాస లెక్క తప్పుతుంది. అటువంటప్పుడు ఒక నిమిషం వీడియో తీసి పంపడం ప్రత్యక్ష ప్రసారం కంటే నయం. ఫొటోలు, రికార్డు చేసిన వీడియోలు పంపి సలహా పొందడాన్ని మార్గదర్శకాలు కూడా ఒక పద్ధతిగా గుర్తించాయి.

పిల్లవాడు ఎలా ఉన్నాడన్నది కూడా కెమెరా చూపిస్తుంది. జ్వరం 102 డిగ్రీలున్నా ఆటబొమ్మ కోసం చెయ్యి చాపే పిల్ల, 100 డిగ్రీల జ్వరంతోనే తల్లి భుజం మీద వాలిపోయి కళ్లు తెరవని పిల్ల ఒకటి కాదు. అనుభవమున్న శిశువైద్యులు మొదటి అర నిమిషం ప్రశ్నలేవీ వేయకుండా పిల్లవాడిని చూస్తూ ఉండడానికి కారణం అదే. తల్లిదండ్రులు తమ ముఖాలనే కెమెరాకు చూపిస్తూ జబ్బు కథ చెబుతుంటారు. ఫోను పిల్లవాడి వైపు తిప్పమని డాక్టరు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

డాక్టరు చేతులకు బదులు తల్లి చేతులు పనిచేయగల పరీక్షలూ కొన్ని ఉన్నాయి. దద్దుర్ల మీద గాజుగ్లాసు అదిమి, ఎరుపు మాయమవుతోందో లేదో చూడడం. పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకుంటోందో, మెల్లగా దిగుతోందో గమనించడం. గెంతమంటే నొప్పి లేకుండా గెంతుతున్నాడా, గడ్డం ఛాతీకి ఆనించగలుగుతున్నాడా అని చూడడం. ఇవి డాక్టరు కళ్లెదుట, డాక్టరు చెప్పినట్టు చేస్తేనే ఉపయోగం.

'నిమ్ము' అంటే ఏమిటి?

వీడియో సంప్రదింపులో పరీక్ష తగ్గేకొద్దీ మాటల మీద బరువు పెరుగుతుంది. తెలుగిళ్లలో పిల్లల జబ్బులకు వాడే మాటలు వైద్యపరిభాషతో ఒక్కొక్కసారి అద్భుతంగా సరిపోతాయి, ఒక్కొక్కసారి అసలు సరిపోవు. 'పిల్లికూతలు' అన్న మాట డాక్టరుకు ఛాతీ లోపలి శబ్దాన్ని దాదాపుగా వినిపిస్తుంది. 'డొక్కలెగరేస్తున్నాడు' అన్నది ఇంకా కచ్చితమైన మాట, దాన్ని విన్న డాక్టరు మరో ప్రశ్న వేయకుండా ఆసుపత్రికి రమ్మంటారు. 'నిమ్ము చేసింది' అలా కాదు. కొన్ని ఇళ్లలో అది ఛాతీలో కఫం చేరిన మామూలు జలుబు, మరికొన్ని ఇళ్లలో ఏకంగా న్యుమోనియా. అలాగే నెలల పిల్లాడు పాలు తాగాక కాసిని కక్కడం వేరు, తాగినదంతా వాంతి చేసుకోవడం వేరు. 'కక్కుతున్నాడు' అనేస్తే రెండూ కలిసిపోతాయి.

ఈ చిక్కు ఇంటికి దూరంగా ఉన్న తెలుగువారికి ఎక్కువ. సూరత్, భివండీ, షోలాపూర్‌లలోని తెలుగు నేత కుటుంబాలు దేశమంతటికీ ఒకటే అయిన ఏదో ప్రైవేటు యాప్‌లో డాక్టరును పిలిస్తే అవతల వినిపించేది హిందీయో, ఇంగ్లీషో కావచ్చు. తల్లి 'నిమ్ము' అంటుంది, పక్కింటి కుర్రాడు దానిని 'జుకామ్' అని అనువదిస్తాడు. ఒక్క మాట మారడంతో న్యుమోనియా కావలసినది జలుబుగా మారిపోవచ్చు. జబ్బు పేరు చెప్పడం మానేసి కంటికి కనిపించినదీ, చెవికి వినిపించినదీ చెప్పడమే దీనికి మందు. నిమిషానికి ఎన్ని శ్వాసలు, నిన్నటి నుంచి ఎన్నిసార్లు మూత్రం, చివరిసారి ఎప్పుడు పాలు తాగాడు, జ్వరం ఎంత, ఎప్పటి నుంచి. అంకెలు ఏ భాషలోకైనా చెడకుండా వెళ్తాయి. ఈ-సంజీవని ఓపీని రాష్ట్రాల వారీగా నడుపుతుండడం వల్ల సొంత రాష్ట్రంలో ఉన్నవారికి తెలుగు తెలిసిన డాక్టరు దొరికే వీలెక్కువ.

తెర మీద తెలియనివి

చెవిపోటును వీడియోలో నిర్ధారించడం సాధ్యం కాదు. కర్ణభేరి ఎర్రబడిందా, ఉబ్బిందా అన్నది లోపలికి దీపం వేసి చూస్తేనే తెలుస్తుంది. ఛాతీలోని శబ్దాలు వినిపించవు. పొట్ట గట్టిపడిందో లేదో తడమనిదే తేలదు. జలుబు, దగ్గు ఏవీ లేకుండా వచ్చిన జ్వరం, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్రకోశ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దానికి మూత్రపరీక్ష తప్ప మార్గం లేదు. మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీలు గానీ ఆపైన గానీ జ్వరం ఉంటే వీడియోతో కాలయాపన చేయకూడదు. ఆ వయసులో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కూడా పైకి పెద్దగా కనిపించకుండానే ముదురుతుంది.

వానాకాలంలో డెంగీ సంగతి మరీ ప్రత్యేకం. రెండో రోజు వీడియోలో పిల్లవాడు చలాకీగా కనిపించాడని నిశ్చింతగా ఉండలేం. డెంగీలో ప్రమాదఘడియలు సాధారణంగా జ్వరం తగ్గుముఖం పట్టే వేళకే వస్తాయి. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్లు చల్లబడి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్న సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడుకోవడం మొదలైతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. డెంగీ అనుమానం ఉన్నంతవరకూ ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. ఆస్పిరిన్ పిల్లల జ్వరానికి ఎప్పుడూ వాడదగినది కాదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే దేశంలో నిషేధించారు. అయినా పాత సీసాలో మిగిలింది వేద్దామా అని డాక్టరును అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

బరువు తెలియకుండా మోతాదు లేదు

నేరుగా వెళితే కాంపౌండరు ముందుగా చేసే పని పిల్లవాడిని తూకమెక్కించడం. వీడియోలో ఆ పని ఎవరూ చేయరు. వయసును బట్టి మోతాదు అంచనా వేయడమో, ఆరు నెలల కిందటి బరువు చెప్పడమో జరుగుతుంది. పిల్లల మోతాదు కిలోల లెక్కన నడుస్తుంది కాబట్టి సంప్రదింపుకు ముందే బరువు చూసి ఉంచుకోవాలి. ఇంట్లో తూకం యంత్రం ఉంటే పిల్లను ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి నిలబడి తీసివేస్తే సరిపోతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం సీసాలో ఉంది. పారాసిటమాల్ మోతాదు ఒక విడతకు కిలోకు సుమారు 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లవాడికి 150 మిల్లీగ్రాములు కావాలి. బజారులో అదే మందు రకరకాల గాఢతల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉండే సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు వేయాలి. ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటరే. వీడియోలో డాక్టరు 'ఆరు ఎంఎల్ వేయండి' అన్నది సిరప్‌ను ఉద్దేశించి. ఇంట్లో ఉన్నది చుక్కల మందు. అది ఆరు ఎంఎల్ వేస్తే నాలుగింతలు పడుతుంది, పారాసిటమాల్ అధిక మోతాదు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి సీసాను కెమెరాకు దగ్గరగా పెట్టి లేబులు మీది అంకెలు డాక్టరుచేత చదివించాలి. చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన కొలపాత్రతోనో, సూదిలేని సిరంజీతోనో కొలవాలి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. రోజుకు గరిష్ఠంగా ఎన్నిసార్లన్నది డాక్టరునే అడిగి రాసుకోవాలి.

విరేచనాల విషయంలోనూ పొట్లం చూపించడమే ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీటిలో కలపాలి. గ్లాసుడు నీటిలో గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు జరుగుతుంది. 200 మిల్లీలీటర్లలో కలిపే చిన్న పొట్లాలూ దొరుకుతాయి, కాబట్టి అట్ట మీద రాసినది చదవక తప్పదు. చక్కెర అధికంగా ఉన్న పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు విరేచనాల్లో ఓఆర్ఎస్‌తో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ పద్నాలుగు రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజే కట్టినా జింక్ ఆపకూడదు. ఈ జబ్బుకు వీడియోలో యాంటీబయాటిక్ రాశారంటే ఎందుకని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మలంలో రక్తం పడితే అది వేరే సంగతి, అప్పుడు పిల్లవాడిని నేరుగా చూపించాలి.

చూడలేనప్పుడు యాంటీబయాటిక్

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో 'పీడియాట్రిక్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. శ్వాసకోశ జబ్బులతో వచ్చిన పిల్లల సంప్రదింపుల్లో యాంటీబయాటిక్ ఎంతమందికి రాశారో బీమా లెక్కల నుంచి తీశారు. ఎప్పుడూ చూపించే డాక్టరు దగ్గర 31 శాతం, తక్షణ చికిత్సా కేంద్రాల్లో 42 శాతం, ముందు పరిచయం లేని డాక్టరుతో మాట్లాడే ప్రైవేటు టెలీమెడిసిన్‌లో 52 శాతం. చెవి లోపలికి చూడలేరు, గొంతు నుంచి నమూనా తీయలేరు. మళ్లీ ఈ పిల్లవాడిని చూస్తామన్న నమ్మకమూ లేదు. అటువంటి స్థితిలో ఎందుకైనా మంచిదని రాసేసే మందు యాంటీబయాటిక్. అమెరికా శిశువైద్య అకాడమీ 2015లోనే, పిల్లవాడిని ఎప్పుడూ చూసే డాక్టరుతో సంబంధం లేకుండా జరిగే ఇటువంటి సంప్రదింపులను ప్రోత్సహించరాదని చెప్పింది.

అక్కడి బీమా వ్యవస్థ వేరు, మన మందుల దుకాణాల తీరు వేరు. ఆ అంకెలను ఇక్కడికి యథాతథంగా తేలేం. కానీ కారణం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. పిల్లవాడి టీకాల పుస్తకం, పాత జబ్బులు, పడని మందులు తెలిసిన డాక్టరు వాట్సాప్‌లో అర నిమిషం చూసి చెప్పే మాటకూ, యాప్ వరసలో తగిలిన డాక్టరు మాటకూ తేడా ఉంటుంది. ఎప్పుడూ చూపించే శిశువైద్యులు వీడియోలో చూస్తారో లేదో, ఏ వేళల్లో చూస్తారో, ఫీజు ఎంతో పిల్లవాడు బాగున్నప్పుడే కనుక్కుని ఉంచుకోవడం తెలివైన పని. తెలియని డాక్టరు దగ్గరకే వెళ్లాల్సి వస్తే చీటీ మీది రిజిస్ట్రేషన్ సంఖ్య చూసుకోవాలి. శిశువైద్యులా, సాధారణ వైద్యులా అన్నది ముందే అడగాలి.

పక్కన మరో మనిషి ఉంటే

ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. దాని గురించి పట్టణాల్లో పెద్దగా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో, తెలంగాణలోని పల్లె దవాఖానాల్లో ఉండే ఆరోగ్య సిబ్బంది ఈ-సంజీవని ద్వారా పెద్దాసుపత్రి డాక్టరును తెర మీదకు పిలుస్తారు. అక్కడ పిల్లవాడి పక్కన శిక్షణ పొందిన మనిషి ఉంటారు. తూకం, థర్మామీటరు, స్టెతస్కోపు ఉంటాయి. డాక్టరు అడిగింది తడిమి, విని చెప్పగలరు, ఉచితంగా మందులూ ఇవ్వగలరు. దూరవైద్యానికి ఉన్న అతిపెద్ద లోటు, అంటే ముట్టుకుని చూసే చెయ్యి లేకపోవడం, ఇక్కడ చాలావరకు తీరుతుంది. ఖరీదైన ఫోనులో నగర దంపతులు ఒంటరిగా చేసుకునే సంప్రదింపు కంటే, పగటివేళ ఒక తండా కేంద్రంలో జరిగేది వైద్యపరంగా మెరుగ్గా ఉండే సందర్భాలు లేకపోలేదు. రాత్రి జ్వరానికి మాత్రం ఈ ఏర్పాటు అందుబాటులో ఉండదు.

పిల్లవాడు ఏమీ తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, పెదవులు నీలం రంగుకు తిరిగినా యాప్ తెరవకూడదు. 108కు ఫోను చేయాలి. ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, పసివాళ్ల మాడు గుంట పడినా అదే దారి పట్టాలి.

ఇంట్లో ఉండవచ్చునని డాక్టరు చెప్పినప్పుడు ఫోను పెట్టేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏం జరిగితే మళ్లీ మీకు చెప్పాలి, ఎన్ని గంటల్లోగా? దీనికి డాక్టరు చెప్పే జవాబును మందు పేరుతో పాటు కాగితం మీద రాసుకోవాలి. రాత్రి ఒంటిగంటకు పిల్ల మళ్లీ ఏడ్చి లేచినప్పుడు, దానిని చూసి ఏం చేయాలో నిర్ణయించేది ఆ కాగితం చేతిలో ఉన్నవాళ్లే. అది నాయనమ్మ కావచ్చు, అప్పుడే పనినుంచి వచ్చిన తండ్రి కావచ్చు. అందుకని ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే రాసుకోవడం మంచిది.